మీరడిగారు: సెలవుల్లో లైబ్రరీ

సెలవులు ఇచ్చారో లేదో నాకొచ్చే ప్రశ్నల్లో సగం లైబ్రరీ చుట్టూనే తిరుగుతున్నాయి, అందుకని ఈసారి మిగతావన్నీ పక్కనపెట్టి వాటికే జవాబులు రాస్తున్నా. ఇష్యూ కౌంటర్ వెనక ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని, ఈ ప్రశ్నలు నాకు కొత్త కాదు, కానీ వాటి వెనకున్న బెంగ చూస్తే మాత్రం ప్రతిసారీ తీరిగ్గా కూర్చుని చెప్పాలనిపిస్తుంది.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. సెలవులని లైబ్రరీ కార్డ్ తీయించాం. ఎప్పుడెళ్లినా బొమ్మల కథలూ, డైనోసార్ల పుస్తకాలే తెస్తాడు, అదీ చదివినవే మళ్లీ మళ్లీ. నేను ఏరి ఇచ్చినవి ముట్టుకోడు. ఇలా అయితే సెలవులన్నీ వేస్టేనేమో అని దిగులుగా ఉంది.

జవాబు: ముందు ఆ దిగులు తీసి పక్కన పెట్టండమ్మా. పిల్లాడు తనంతట తానే ర్యాక్ దగ్గరికెళ్లి, పుస్తకం లాక్కుని చదువుతున్నాడంటే మీరు కోరుకున్నది జరుగుతున్నట్టే. నేను చూసిన పిల్లల్లో చాలామంది అంతే, కుర్చీలు ఖాళీగా ఉన్నా కింది అర పక్కన నేలమీదే కూర్చుంటారు, మోకాళ్లు ముడుచుకుని, పుస్తకం వాటిమీద ఆనించి, వేలు బొమ్మమీద ఉంటుంది, పెదాలు కదుల్తుంటాయి, పేరు పెట్టి పిలిచినా పలకరు. అలా పలక్కపోవడం ఉంది చూడండి, దానికోసమే కదా మనం ఇంత తాపత్రయపడేది.

దీనిమీద గట్టి పరిశోధనలే ఉన్నాయి. బార్బరా హేన్స్ అనే సోషియాలజిస్టు అమెరికాలోని అట్లాంటా పిల్లలమీద చేసిన స్టడీ 1978లో వచ్చింది, సెలవుల్లో పిల్లలు వెనకబడకుండా ఉండటానికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది సొంతంగా చదువుకోవడమేనని, అందులో పబ్లిక్ లైబ్రరీ పాత్ర చాలా పెద్దదని ఆవిడ తేల్చారు. తర్వాత రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్ ఫ్రాన్జెన్, వాళ్ల టీమ్ ఫ్లోరిడాలో బీద కుటుంబాల పిల్లలకి వరసగా మూడు వేసవులు, ఏటా 12 పుస్తకాల చొప్పున ఇచ్చి చూసి 2010లో ఫలితాలు పబ్లిష్ చేశారు, పుస్తకాలు అందని పిల్లలకంటే వీళ్లు చదవడంలో ముందున్నారు. అసలు సంగతేంటంటే ఆ పుస్తకాలు టీచర్లు ఏరి ఇచ్చినవి కావు, పిల్లలే ఎంచుకున్నవి, అందులో పాప్ స్టార్ల గురించినవి కూడా ఉన్నాయి! ఇది చదివిన రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను, ఎందుకంటే కౌంటర్ దగ్గర పిల్లాడి చేతిలోంచి పుస్తకం లాగేసి వేరేది పెట్టే పెద్దవాళ్లని చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఇక మళ్లీ మళ్లీ చదవడం అంటారా, చదవనివ్వండి. మొదటిసారి కథకోసం చదువుతాడు, రెండోసారికి మాటలు నోటికి అలవాటవుతాయి, నాలుగోసారికి ఇంతకుముందు తడబడుతూ చదివిన లైను గడగడా చదివేస్తాడు.

మీకేమైనా చెయ్యాలని ఉంటే ఒక్కటి చెప్తా. మీ లైబ్రరీలో డ్యూయీ నంబర్లు, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకిచ్చే నంబర్లు, వాడుతుంటే పుస్తకం అట్ట అంచుమీద అంటించిన లేబుల్ చూడండి, డైనోసార్లు 567 దగ్గర ఉంటాయి. ఈసారి వెళ్లినప్పుడు మీరేమీ చేతికివ్వకుండా, ఆ నంబర్ కాయితమ్మీద రాసిచ్చి వెతకమనండి. వెతికేటప్పుడు కళ్లు పక్కకి పోకుండా ఉండవు, 551లో అగ్నిపర్వతాలు, 560లో శిలాజాలు, ఇంకాస్త ముందుకెళ్తే 598లో పక్షులు. పక్షులు డైనోసార్ల వారసులే అన్న సంగతి వాడికి ఎవరూ చెప్పకుండా ఆ ర్యాకుల మధ్య వాడే కనిపెడితే ఆ రోజు ఇంటికొచ్చి మిమ్మల్ని కూర్చోనివ్వడు చూడండి.

ప్రశ్న: చిన్న లైబ్రరీలో వాలంటీర్‌గా చేస్తున్నా. సెలవుల్లో ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకి ప్రైజ్ అని పోటీ పెట్టాం. రెండు వారాలకే ముగ్గురు పిల్లలు మిగిలారు, మిగతావాళ్లు రావడం మానేశారు. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: మీ మనసు మంచిదే, కొలత దగ్గరే తేడా వచ్చింది. పుస్తకాల లెక్క పెడితే ఏమవుతుందంటే 20 పేజీల పుస్తకాలు పది చదివినవాడు ముందుంటాడు, 200 పేజీల పుస్తకాన్ని ఇష్టంగా వారమంతా చదివిన అమ్మాయి వెనకపడుతుంది, కూడబలుక్కుని చదివే పిల్లలకైతే మొదటి రోజే అర్థమైపోతుంది ఇది మనకోసం కాదని. లైబ్రరీకి రావాల్సిన అవసరం అందరికంటే ఎక్కువున్నది ఆ పిల్లలకే, మానేసిందీ వాళ్లే.

ఇప్పటికీ మించిపోయింది లేదు. పోటీ తీసేసి, గోడమీద పెద్ద చెట్టు బొమ్మ గీయండి, కొమ్మలు మాత్రమే, ఆకుల్లేకుండా. ఎవరు ఏ పుస్తకం చదివినా, సగంలో ఆపేసినా, ఇంట్లో అన్నయ్య చదివితే విన్నా సరే, ఆకుపచ్చ కాయితం ముక్కమీద పుస్తకం పేరు రాసి అంటించాలి. పిల్లల పేర్లు వద్దు, పుస్తకాల పేర్లే. అప్పుడు లెక్క ఎవరిదీ కాదు, చెట్టుది. మానేసిన పిల్లల ఇళ్లకి మీరే వెళ్లి లేదా ఫోన్ చేసి చెట్టుకి ఆకులు కావాలి రమ్మనండి, పోటీ రద్దయిందని కాదు, ఆకులు కావాలని. ఆ తేడా పిల్లలకి తెలుస్తుంది.

పాతకాలం వాళ్లు కూడా ఇలాంటి ఆలోచనే చేశారు. క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీలో 1897లో పిల్లలకోసం లైబ్రరీ లీగ్ అని మొదలుపెట్టారు, ఎవరెన్ని చదివారన్న పోటీ కాదది, పుస్తకాల్ని జాగ్రత్తగా చూసుకుంటామని పిల్లలు మాటిచ్చి సభ్యులయ్యేవాళ్లు. పుస్తకం మనది, మనమే కాపాడాలి అని పిల్లలకి అనిపిస్తే చాలు, రోజూ వస్తారు. అట్ట ఊడినవి అతికించడం, లేబుళ్లు రాయడం, స్టాంప్ వేయడం అప్పజెప్పి చూడండి, స్టాంప్ దగ్గర క్యూ కట్టకపోతే అడగండి. ప్రైజులకని కొన్నవి మిగిలుంటే సెలవుల ఆఖర్న వచ్చినవాళ్లందరికీ పంచేయండి.

ప్రశ్న: రిటైరయ్యాక రోజూ రీడింగ్ హాల్లో పేపర్లు చదువుకోవడం నా అలవాటు. సెలవులొచ్చేసరికి పిల్లల గోల, కథల ప్రోగ్రాములు, చప్పట్లు. లైబ్రరీ అంటే నిశ్శబ్దంగా ఉండాలి కదా? కంప్లయింట్ ఇద్దామా అనుకుంటున్నా.

జవాబు: మాస్టారూ, మీ బాధ నాకు తెలుసు. ఏడాది పొడుగునా ఆ హాలుని నిలబెట్టేది మీలాంటివాళ్లే, ఎండైనా వానైనా వచ్చేది మీరే, కాబట్టి మీకు ప్రశాంతంగా చదువుకునే హక్కు కచ్చితంగా ఉంది. కంప్లయింట్ రాసేకంటే ముందు లైబ్రేరియన్‌తో ఒక్కసారి మాట్లాడండి, కథల టైము ఫలానా గంట అని బోర్డుమీద రాయమనండి, పిల్లల మూల పేపర్ల టేబుల్‌కి దూరంగా జరపమనండి. చాలాచోట్ల గొడవ చప్పుడు గురించి కాదు, ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడం గురించే.

కానీ లైబ్రరీ అంటే నిశ్శబ్దమే అన్నారే, అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేను. గణితం మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయానికి ఐదు సూత్రాలు చెప్పారు, పుస్తకాలు వాడకానికే అన్నది మొదటిది, గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్నది ఐదోది. పెరిగే ప్రాణి అన్నాక ఒక వయసులో అల్లరి ఉంటుంది కదండీ. ఆ కథల గంటకి ఒక్కసారి, ఒక్కరోజు, పేపర్ మడిచి పక్కన పెట్టి వెళ్లి కూర్చోండి. కథ చెప్పేవాళ్లు ఎప్పుడూ తక్కువే, మీ దగ్గర అరవై ఏళ్ల కథలున్నాయి. డెన్మార్క్‌లో 2000 సంవత్సరంలో రోస్కిల్డే వేసవి సంగీతోత్సవంలో హ్యూమన్ లైబ్రరీ అని మొదలైంది, అందులో పుస్తకం బదులు మనిషినే అరువు తీసుకుని ఎదురుగా కూర్చుని ఆయన జీవితం గురించి ప్రశ్నలడగొచ్చు, తర్వాత అది ఎన్నో దేశాలకి పాకింది. మీ లైబ్రరీలో అలాంటిది పెడితే మొట్టమొదట అరువుకెళ్లే పుస్తకం మీరే అవుతారని నా నమ్మకం.

ప్రశ్న: మా పాప చదివేటప్పుడు తడబడుతుంది. లైబ్రరీలో పిల్లలు ఒక్కొక్కళ్లూ పైకి చదవాలంట, ఆ రోజు కడుపునొప్పి అంటోంది.

జవాబు: పంపొద్దు, అంటే ఆ గంటకి పంపొద్దు, లైబ్రరీకి మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. కడుపునొప్పి అబద్ధం కాదు, భయానికి నిజంగానే కడుపులో తిప్పుతుంది. సాల్ట్ లేక్ సిటీలో 1999లో ఒక పని చేశారు, లైబ్రరీలో ట్రైనింగ్ ఇచ్చిన కుక్కల్ని కూర్చోబెట్టి పిల్లల్ని వాటికి చదివి వినిపించమన్నారు. కుక్క తప్పు దిద్దదు, నవ్వదు, తొందరపెట్టదు. ఇంట్లో కుక్క లేకపోతే బొమ్మ ఉంటుంది, ఇంకా మాటలు రాని చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే మరీ మంచిది, ఎంత మెల్లగా చదివినా కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. మీరు మాత్రం పక్కగదిలో ఉండండి, తప్పు వినపడినా లోపలికి రావద్దు.

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది, ఫ్రెండ్స్ అంతా తలో ఊరూ వెళ్లిపోయారు. లైబ్రరీలో సెలవుల ప్రోగ్రాములన్నీ పిల్లలకే. నాలాంటివాళ్లకి అక్కడేముంది? కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు.

జవాబు: నోరు పెగలనివాళ్లకి లైబ్రరీ కంటే మంచి చోటు లేదమ్మా, అక్కడ మాట్లాడకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. కౌంటర్ దగ్గరికెళ్లి ర్యాకులు సర్దే పని ఇమ్మని అడుగు, ఆ ఒక్క మాట చాలు. సెలవుల్లో పిల్లలు తీసిన పుస్తకాలు ఎక్కడపడితే అక్కడ పెట్టేస్తారు, తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క, నంబర్ వరసన సర్దే మనిషి ఎప్పుడూ కావాలి. రెండ్రోజులు సర్దితే ఏ పుస్తకం ఎక్కడుందో నీకు తెలిసిపోతుంది, మూడోరోజు ఎవరో వచ్చి నిన్నే అడుగుతారు, అప్పుడు మాట దానంతటదే వస్తుంది. చేతిపని ఇష్టమైతే పాడైన వస్తువులు కలిసి బాగుచేసుకునే రిపేర్ కేఫ్‌లు ఉన్నాయి, 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలయ్యాయి, ఇప్పుడు కొన్ని లైబ్రరీల్లోనూ నడుస్తున్నాయి. మీ దగ్గర లేకపోతే ఒక టేబులూ నాలుగు స్క్రూడ్రైవర్లూ ఉంటే మొదలుపెట్టొచ్చని లైబ్రేరియన్‌కి చెప్పి చూడు.

ప్రశ్న: పోయిన సెలవుల్లో పాప కార్డ్ మీద తెచ్చిన పుస్తకం నీళ్లలో తడిసింది. భయపడి దాచేసింది, నాకు ఇప్పుడు దొరికింది. పుస్తకం పోయిందనుకుని, సిగ్గేసి ఏడాదిగా అటు వెళ్లడమే మానేశాం, ఫైన్ ఎంతైందో తెలీదు.

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు కళ్లు చెమర్చాయి, ఎందుకంటే ఇలా ఆగిపోయిన పిల్లలు ఎంతమందో నాకు తెలుసు. ఒక్క పుస్తకానికి భయపడి వందల పుస్తకాలకి దూరమైపోతారు. షికాగో పబ్లిక్ లైబ్రరీ 2019 అక్టోబర్ 1 నుంచి లేట్ ఫైన్లు ఎత్తేసింది, మూడు వారాల్లో తిరిగొచ్చిన పుస్తకాలు 240 శాతం పెరిగాయి. అంటే అన్నాళ్లూ జనం పుస్తకాలు దొంగిలించి కూర్చోలేదు, మీలాగే సిగ్గుపడి కూర్చున్నారు. మీ లైబ్రరీలో ఫైన్ ఉండొచ్చు, ఉన్నా దానికి ఒక హద్దు ఉందేమో, లేదంటే అదే పుస్తకం కొత్త కాపీ కొనిస్తే సరిపోతుందేమో అడగండి, చాలామంది లైబ్రేరియన్లు ఏదో ఒక దారి చూస్తారు.

ఆరిపోయిన పుస్తకం పేజీలు అతుక్కుని ఉంటే మీరు విడదీయొద్దు, ప్లాస్టర్ టేపు అసలు అంటించొద్దు, అది పసుపెక్కి కాయితాన్ని ఇంకా పాడుచేస్తుంది. ఎలా ఉందో అలాగే తీసుకెళ్లండి. ఇక ముందు ఎప్పుడైనా తడిస్తే పాపకి ఇది చెప్పి ఉంచండి: వెంటనే అమ్మకి చెప్పాలి, ఎండలో పెట్టకూడదు, పుస్తకాన్ని నిలబెట్టి పేజీలు విసనకర్రలా కొంచెం విప్పి, మధ్య మధ్య తడి పీల్చే కాయితాలు పెట్టి మారుస్తూ ఫ్యాన్ గాలి తగిలేలా ఉంచాలి. రెండ్రోజులు దాటితే బూజు పట్టొచ్చు, అందుకే తొందర. నున్నటి మెరిసే కాయితం పుస్తకమైతే ఆరేకొద్దీ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేసి లైబ్రరీకి ఫోన్ చెయ్యడమే మంచిది.

తెరిచిన వెంటనే, కౌంటర్ దగ్గర జనం లేనప్పుడు వెళ్లండి. పాపని కూడా తీసుకెళ్లండి, కార్డ్ తనదే కదా. పుస్తకం తన చేత్తోనే ఇప్పించండి, పని అయ్యాక వెంటనే ఇంటికి రాకండి, పిల్లల ర్యాక్ వైపు వదిలేసి మీరు కాసేపు ఎక్కడైనా కూర్చోండి.