నగర ప్రణాళిక డిగ్రీ అంటే పటాలు గీసే చదువేనా?

విశాఖలో ఇంటర్ చదువుతున్న మీ అమ్మాయి బి.ప్లానింగ్ చేస్తానంటోందని, అది పటాలు గీసే చదువేనా అని అడిగారు. మొదట్లో చాలావరకు అంతే. 1909లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు విభాగం మొదలైనప్పుడు దాని పేరే ‘సివిక్ డిజైన్’, అంటే నగర రూపకల్పన. తర్వాత ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రం, రవాణా, పర్యావరణం ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

ఈ మార్పు ఎందుకు అవసరమో తెలియాలంటే తెల్లవారుజామున విశాఖలోని మత్స్యకారుల పేట పెదజాలరిపేట తీరానికి వెళ్లండి. పటంలో అది ఖాళీ ఇసుక. అక్కడ నిలబడితే ఒడ్డుకు లాగిన పడవలు, ఆరబెట్టిన వలలు, చేపల బుట్టలతో ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ ఇసుక వాళ్ల పని స్థలం. దాన్ని గుర్తించలేని విద్యార్థి ఎంత అందంగా గీసినా ప్లానర్ కాలేదనే నేను నమ్ముతాను. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఇళ్లలోకి పాకి మనుషుల ప్రాణాలు తీసింది. కర్మాగారానికి అంత దగ్గరగా ఇళ్లు ఎలా వచ్చాయన్నది కూడా ఈ విద్య అడగాల్సిన ప్రశ్నే. 2014 నాటి హుద్‌హుద్ తుపాను తర్వాత విపత్తులను పక్కన పెట్టి విశాఖకు ప్రణాళిక వేయడం అసాధ్యం.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను ప్రజలు ఎన్నుకునే పురపాలక సంస్థలకు అప్పగించదగిన బాధ్యతల్లో చేర్చింది. కాబట్టి వార్డులో జనం మాట వినడం, దాన్ని పటంలోకి తేవడం ప్లానర్ పనే.

కోర్సు నాలుగేళ్లు. దగ్గర్లో విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ప్రవేశానికి జేఈఈ మెయిన్‌లో ప్లానింగ్ పేపరు రాయాలి, ఇంటర్‌లో గణితం ఉండాలి.