మాస్టర్స్ అయ్యాక డీఆర్‌పీహెచ్: ఎవరికి, ఎలా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ తర్వాత ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేశాను. రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున బీపీ, షుగర్ రోగుల మధ్య ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. నెలకి సరిపడా మాత్రలు తీసుకెళ్లినవాళ్లలో చాలామంది రెండో నెల రారు. అడిగితే చెరువుల మీద పని, పీహెచ్‌సీకి వచ్చే తీరిక లేదంటారు. దీన్ని మార్చాలని ఉంది. అందరూ పీహెచ్‌డీ చెయ్యమంటున్నారు. డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే డీఆర్‌పీహెచ్, అని ఇంకొకటి ఉందని ఈమధ్యే తెలిసింది. దానికి ఏం అర్హతలు కావాలి? ఊరు వదిలి వెళ్లాలా? మావారు రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తారు. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. ఆలోచిస్తే టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, రాజోలు

జవాబు: అమ్మా, ముందు ఈ రెండు చదువులకీ తేడా ఏమిటో చెప్తాను. అది తెలిస్తే ఈ అర్హతలు ఎందుకు అడుగుతారో కూడా అర్థమవుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బోదకాలు సర్వేకి రాత్రిళ్లు ఊళ్లమ్మట తిరిగేవాళ్లం. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు రక్తంలో కనబడేది రాత్రిపూటే. అందుకని నిద్రపోతున్నవాళ్లని లేపి, వేలు గుచ్చి, స్లైడ్ మీద రక్తం తీసుకునేవాళ్లం. ఒక లంక ఊళ్లో ఒక పెద్దావిడ అటక మీంచి బిస్కెట్ల డబ్బా దింపి మా ముందు పెట్టింది. బోదకాలు కోసం అంతకుముందు పంచిన డీఈసీ మాత్రలు అందులో అలాగే ఉన్నాయి. రిజిస్టర్‌లో మాత్రం ఆ ఇంట్లో అందరూ మింగినట్టే ఉంది. పరగడుపున వేసుకుంటే కళ్లు తిరిగాయట, అప్పట్నించీ దాచిపెడుతోంది.

మందు పనిచేస్తుందని అప్పటికే రుజువైంది. దాని మీద ఇంకో పరిశోధన అక్కర్లేదు. కావలసిందల్లా జనం అన్నం తిన్నాక వెళ్లి, ఎదురుగా నిలబడి మింగించడం. అంటే పంచే వేళ మారాలి, సాయంత్రం డ్యూటీకి మనుషులు కావాలి, బండికి డీజిల్ కావాలి, వీటన్నిటికీ ఆర్డర్ ఇచ్చే అధికారిని లెక్కలతో ఒప్పించాలి. బోదకాలు ఎలా వ్యాపిస్తుందో కొత్తగా కనిపెట్టాలనుకునేవారు పీహెచ్‌డీ చేస్తారు. ఆ డబ్బాలో మాత్రలు ఎందుకు మిగిలాయో చూసి, ఇక మిగలకుండా ఏర్పాటు మార్చగలవారిని తయారుచెయ్యడానికి డీఆర్‌పీహెచ్ పెట్టారు. మీ రోగులు రెండో నెల రాకపోవడం కూడా ఈ రెండో కోవలోదే. అందుకే మీ ఆలోచన సరైన దారిలో ఉందంటాను.

ఇక అర్హతలు. ఎంపీహెచ్ గానీ దానికి దగ్గరగా ఉన్న మాస్టర్స్ గానీ ఉండాలని చాలా యూనివర్సిటీలు అడుగుతాయి. ఆ తర్వాత చూసేది ఉద్యోగానుభవం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ కనీసం మూడేళ్ల పూర్తికాల అనుభవం అడుగుతుంది. మీకు ఆరేళ్లున్నాయి. కానీ ఏళ్లు ఒక్కటే చూడరు, మీ మీద ఏ బాధ్యత ఉంది, ఎంతమందిని నడిపించారు, మీ చేతుల మీదుగా ఏది మారింది అని చూస్తారు. ఇంగ్లిష్ కోసం టోఫెల్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ రాయాల్సి రావచ్చు. జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష గురించి అంత బెంగ వద్దు, చాలాచోట్ల ఇప్పుడు తప్పనిసరి కాదు. అమెరికాలో పబ్లిక్ హెల్త్ కాలేజీలు చాలావాటికి సోఫాస్ అనే ఒకే పోర్టల్ ద్వారా అప్లై చేస్తారు. దానికి మన మార్కుల లిస్టుల్ని డబ్ల్యూఈఎస్ సంస్థతో మదింపు చేయించి పంపాలి. మన యూనివర్సిటీల నుంచి ఆ కాగితాలు కదలడానికి టైమ్ పడుతుంది కాబట్టి ఆ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి.

చేరాక ఏం చెయ్యాలో కూడా చెప్తాను. అమెరికాలో ఈ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ సీఈపీహెచ్. దాని నిబంధనల ప్రకారం మాస్టర్స్ మీద కనీసం 36 క్రెడిట్ల చదువు ఉండాలి. నేర్చుకోవాల్సిన 20 నైపుణ్యాల్ని నాలుగు భాగాలు చేశారు: గణాంకాలూ విశ్లేషణా ఒకటి, నాయకత్వమూ నిర్వహణా రెండోది, విధానాలూ కార్యక్రమాలూ మూడోది, సిబ్బందికి శిక్షణ నాలుగోది. మీరు చదివిన ఎంపీహెచ్‌కి సీఈపీహెచ్ గుర్తింపు లేకపోతే పునాది పాఠాలు కొన్ని అదనంగా చదవమంటారు. దాన్ని చిన్నతనంగా తీసుకోకండి.

తరగతుల కంటే కష్టమైనది, నా దృష్టిలో అసలైనది, ఫీల్డ్ పని. ఏదో ఒక సంస్థకి నిజంగా ఉపయోగపడే ప్రాజెక్టు చేసి వాళ్ల చేతికి అందించాలి. మీ విషయంలో అది చెరువుల మీద పనిచేసేవాళ్ల కోసం సాయంత్రం క్లినిక్ నడిపే పథకం కావచ్చు: ఎంతమంది సిబ్బంది, ఎంత ఖర్చు, ఏ ఊళ్లో ఏ రోజు, మాత్రలు ఎవరి దగ్గర ఉంచాలి అన్నీ అందులో ఉండాలి. చివర్లో నేర్చుకున్నదంతా కలిపి పెద్ద రచన ఒకటి సమర్పించాలి. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో థీసిస్ కాక ఇంకో ప్రాజెక్టు కూడా ఉంటుంది. విద్యార్థి ఒక సంస్థలో ఉండి, అక్కడ నిర్ణయాలు ఎలా జరుగుతున్నాయో విశ్లేషించాలి. మన ఆఫీసుల్లో ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలిసిన మీలాంటివారు అది బాగా చెయ్యగలరు.

ఊరు వదలాలా అన్నారు. హాప్కిన్స్ కోర్సు పార్ట్‌టైమ్, ఎక్కువభాగం ఆన్‌లైన్‌లోనే చదవచ్చు. లండన్‌లోనూ పార్ట్‌టైమ్ ఉంది. రెండిటిలో ఏదైనా ఫీజు చాలా ఎక్కువ. అప్పు తెచ్చి మేత పోసిన చెరువుకి వైరస్ తగిలితే ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. స్కాలర్‌షిప్పో, సంస్థ సాయమో లేకుండా ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లవద్దని గట్టిగా చెప్తున్నాను. ఇంకో సంగతి: ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగమో, లెక్చరర్ పోస్టో మీ మనసులో ఉంటే, ఆన్‌లైన్‌లో చేసిన విదేశీ డిగ్రీని ఇక్కడి డిగ్రీతో సమానంగా గుర్తిస్తారా అని ఫీజు కట్టకముందే రాసి అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఇక్కడే ఉండి చదవడం కుదురుతుందనిపిస్తే పీహెచ్‌డీని కొట్టిపారెయ్యకండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మాస్టర్స్‌లో 55 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవారికి 5 శాతం సడలింపు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, గడువు మూడు నుంచి ఆరేళ్లు. మహిళలకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు, ప్రసూతికీ పిల్లల సంరక్షణకీ 240 రోజుల దాకా సెలవు ఉన్నాయి. మీ సంస్థ అభ్యంతరం లేదని లెటర్ ఇస్తే పార్ట్‌టైమ్‌గా చెయ్యవచ్చు. టాపిక్ మీ రోగులదే పెట్టుకోండి.

ఈ నెలలో చెయ్యగలిగింది ఒకటి చెప్తాను. రెండో నెల రానివాళ్ల పేర్లు ఊరివారీగా, పనివారీగా విడదీయండి. చెరువు కాపలావాళ్లు ఎంతమంది, రొయ్యల షెడ్లలో తలలు తీసేవాళ్లు ఎంతమంది, వాళ్లకి ఏ వేళ ఖాళీ ఉంటుంది, రాయండి. ఇలాంటి అప్లికేషన్లకి సిఫార్సు లేఖలు రాసినదాన్నిగా చెప్తున్నాను: ‘చాలా కష్టపడి పనిచేస్తుంది’ అన్న వాక్యం కంటే అలాంటి కాగితం మీ గురించి ఎక్కువ చెప్తుంది. అది చూసి మీ ప్రాంత మెడికల్ ఆఫీసరు ఒక్క సాయంత్రం క్లినిక్‌కి ఒప్పుకున్నా, మీ లేఖ ఆయన చేతే రాయించుకోవచ్చు.

ప్రశ్న: బీడీఎస్ చివరి సంవత్సరంలో ఉన్నాను. నేరుగా డీఆర్‌పీహెచ్‌లో చేరవచ్చా?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: తొందరపడకు బాబూ. ముందు ఎంపీహెచ్ చెయ్యి. హైదరాబాద్ ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లో ఉంది, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో 1997 నుంచీ నడుస్తోంది. ఆ తర్వాత కొన్నేళ్లు జిల్లా స్థాయిలో ఉద్యోగం చెయ్యి. ఆ అనుభవం లేకుండా వెళ్తే, నాయకత్వం గురించిన క్లాసులో నీ దగ్గర చెప్పడానికి ఒక్క ఉదాహరణా ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్సీ మైక్రోబయాలజీ చేసింది. ఈ డిగ్రీ ఉంటే పేషెంట్లని చూసి మందులు రాయవచ్చాండీ?
– ఒక తండ్రి, తణుకు

జవాబు: కుదరదండీ. ఇది వైద్యం చేసే డిగ్రీ కాదు, దీంతో మందులు రాసే హక్కు రాదు. ఆరోగ్యశాఖల్లో, అంతర్జాతీయ సంస్థల్లో కార్యక్రమాలు నడిపే పెద్ద ఉద్యోగాలకి పనికొస్తుంది. మీ అమ్మాయికి ల్యాబ్ మీద ఇష్టముంటే మాత్రం పీహెచ్‌డీయే మేలు. ఏది ఇష్టమో తననే అడగండి, ఈసారి ఉత్తరం కూడా తన చేతే రాయించండి.