ఏళ్ల తరబడి నావికుడిగా పనిచేసినవాడు నౌకాదళ ఆఫీసర్ కావాలని ఎందుకు కోరుకుంటాడు?

అమెరికా నౌకాదళంలో నావికుడిగా చేరి, కొన్నేళ్ల సర్వీసు తర్వాత ఆఫీసర్ అయినవారిని అక్కడ ‘మస్టాంగ్’ అంటారు. వారిని ఆ దారి పట్టించేది జీతమేనా అని చాలామంది అడుగుతారు. జీతం ఒక కారణమే. నాలుగేళ్లకు మించి నావికుడిగా పనిచేసి వచ్చినవారికి తొలి మూడు ఆఫీసర్ హోదాల్లో వేతనం కాస్త ఎక్కువగా ఉంటుంది. అయితే అసలు కారణం నిర్ణయాధికారమని నా అభిప్రాయం.

రాత్రి కాపలా వేళ ఇంజిన్ గదిలో పంపు మీద అరచేయి ఆనించి, బేరింగ్ వేడెక్కుతోందని పసిగట్టగలిగిన మనిషికి, దాన్ని ఎప్పుడు విప్పాలో, తన కింది కుర్రవాళ్లలో ఎవరిని శిక్షణకు పంపాలో తేల్చే చివరి మాట తనది కాకపోవడం బాధగానే ఉంటుంది. వాళ్ల కష్టం తెలిసినవాడు ఒకడు ఆఫీసర్ల మధ్య కూర్చోవాలన్న పట్టుదల అక్కడే పుడుతుంది.

జెరెమీ బూర్డా ఇందుకు గొప్ప ఉదాహరణ. ఆయన 1956లో నావికుడిగా చేరి, సిబ్బంది వ్యవహారాలు చూసి, 1962లో కమిషన్ (ఆఫీసర్ హోదా) పొంది, 1994లో ఆ దళానికే అధిపతి అయ్యారు. నావికుడి స్థాయి నుంచి ఆ పదవికి చేరిన తొలి వ్యక్తి ఆయనే. ఆ పదవిలో ఉండగానే, నావికులను ఆఫీసర్లుగా తీర్చిదిద్దే ‘సీమన్ టు అడ్మిరల్’ పథకాన్ని పునరుద్ధరించారు.

వదులుకోవలసింది కూడా తక్కువేమీ కాదు: చీఫ్‌గా, అంటే సీనియర్ నావికుడిగా, సంపాదించుకున్న గౌరవాన్ని, చీఫ్‌లు కలిసి భోంచేసే మెస్‌లోని స్నేహాలను విడిచి, ముప్పై దాటిన వయసులో ఎన్‌సైన్‌గా, అంటే అందరికంటే చిన్న హోదా ఆఫీసర్‌గా, మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడాలి.