రౌండ్స్‌లో పేషెంటు నోరు విప్పాలంటే

డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు కలిసి రౌండ్స్ (వార్డులో ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి పేషెంటును చూడడం) చేస్తున్నా ఒక్కో మంచం దగ్గర చాలా సమయం పోతోందనీ, పేషెంటు మాత్రం మౌనంగా ఉంటున్నారనీ మీరు రాశారు. రెండింటికీ కారణం ఒకటే అనుకుంటున్నాను: ఎవరు ఎప్పుడు ఏం చెప్పాలో ముందే తేల్చుకోకపోవడం.

అమెరికాలో అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో 2010లో మొదలైన పద్ధతిలో ఈ వరుస ఖాయంగా ఉంటుంది. డాక్టరు టీమ్‌ను పరిచయం చేసి, పరిస్థితి క్లుప్తంగా చెబుతారు. తర్వాత నర్సు: రాత్రి ఎలా గడిచింది, నొప్పి ఎంత ఉంది, మూత్రం గొట్టం ఇంకా అవసరమా. ఈ చివరి ప్రశ్న రోజూ అడగాల్సిందే, అనవసరంగా ఉంచితే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మిగతావాళ్లు తమ వంతు రెండు మాటల్లో ముగించాలి.

అసలు కీలకం రౌండ్స్‌కు ముందే ఉంది. పొద్దున్నే నర్సు వెళ్లి "ఇవాళ డాక్టరుగారిని ఏం అడగాలనుకుంటున్నారు?" అని కనుక్కుని బోర్డు మీద రాయాలి. రౌండ్స్‌లో ముందు ఆ ప్రశ్నకే జవాబివ్వండి. చుట్టూ అంతమంది నిలబడితే ఎవరికైనా టెన్షనే, కాబట్టి మాట్లాడేవాళ్లు కూర్చోండి. వైద్యుల మధ్య అభిప్రాయభేదాలుంటే బయట తేల్చుకోండి. పక్క మంచానికి వినపడకూడని విషయాలు విడిగా మాట్లాడండి.