చిట్టీ, ఆ ట్యూబు తిప్పి చూడు

చిట్టికి,

ప్రభువు నామంలో పెద్దమ్మ శుభాలు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి జనవరి నెలాఖరుకి నీ పెళ్లి తేదీ ఖాయమైందని చెప్పింది. నా కొంగు పట్టుకుని బేస్తవారం కూటానికి వచ్చి, ముగింపు ప్రార్థనలోపే నా ఒళ్లో నిద్రపోయిన పిల్ల, కట్నం మాట ఎత్తొద్దని అబ్బాయితో కలిసి పెద్దల ముందు చెప్పిందట! ఆ సంగతి ఇప్పటికే నలుగురికి చెప్పాను. సాయంత్రానికి వీధంతా తెలుస్తుందిలే.

కానీ మాటల మధ్యలో మీ అమ్మ ఇంకోటి అంది. ఏదో క్రీము రాస్తున్నావట, రెండు వారాల్లోనే రంగు తేలిందట. ఆమె సంబరంగానే చెప్పింది. నాకు మాత్రం రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

ముందు మామూలు పనులు చెప్పేస్తాను. ఇద్దరి బాప్తిస్మం సర్టిఫికెట్లు, వయసు రుజువులు తీసి పెట్టుకోండి. అబ్బాయిది బాప్టిస్టు సంఘం కాబట్టి వాళ్ల పాస్టరు గారి దగ్గర ఉత్తరం ఇప్పుడే తీసుకోమను. మన గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి. క్రిస్మస్ దగ్గర పడితే అయ్యగారికి తల ఎత్తే తీరిక ఉండదు, ఈలోపే కలువు. తేదీ జరిపి జరిపి ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమకాలంలో పడేశారంటే ఈస్టరు దాకా ఆగాల్సిందే. ఫోటోగ్రాఫరు రాత్రి దీపాల వెలుగులో పెళ్లి అంటున్నాడట. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఉదయం ఆరుకీ సాయంత్రం ఏడుకీ మధ్యే పెళ్లి జరగాలంటుంది, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. ఆ మాట అతనికి చెప్పు. రిజిస్టరులో సంతకం పెట్టేముందు నీ పేరు అక్షరం అక్షరం చూసుకో.

ఇక ఆ క్రీము సంగతి.

మీ చిన్న పిన్ని ఎండలోకి రావాలంటే ఎందుకంత భయపడుతుందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. మన ఇంట్లో ఆ మాట ఎత్తరు. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు అబ్బాయి తల్లి దాని గడ్డం పట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పి చూసి, "అక్క రంగు రాలేదే" అంది. నేను పక్కనే పళ్లెం పట్టుకుని ఉన్నాను. అది ఏడవలేదు, మర్నాడు మందుల షాపుకెళ్లింది. తామరకి ఇచ్చే ట్యూబు ఒకటి అక్కడ చేతిలో పెట్టారు, చీటీ అడిగిన పాపాన పోలేదు. నేను అప్పటికి గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగు ముగించి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాను. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

పెళ్లినాటికి ముఖం మెరిసిపోయింది. మా ఇంట్లో గోడమీదున్న ఫోటోలో చూశావుగా, తెల్ల పట్టుచీరకీ దాని ముఖానికీ తేడా తెలియదు. అత్తగారింటికి వెళ్లాక ట్యూబు అయిపోయింది. కొత్త కోడలు, మందుకి డబ్బులు ఎవర్ని అడుగుతుంది? రాయడం మానేసింది. మొదటి క్రిస్మస్‌కి పుట్టింటికి వచ్చేసరికి ముఖమంతా ఎర్రగా కంది, బుగ్గల నిండా మొటిమలు, చర్మం ఎంత పలచబడిందంటే కింద సన్నటి నరాలు కనబడుతున్నాయి. "అక్కా, నీళ్లు పోసుకున్నా మంటే" అంది. పొయ్యి ముందు కూర్చోలేకపోయేది. అత్తగారేమో జబ్బు దాచి పెళ్లి చేశారని ఊరంతా చెప్పింది.

అది కుదుటపడటానికి ఏడాది పైనే పట్టింది, పాత చర్మం మాత్రం తిరిగి రాలేదు. గుళ్లో పక్క బెంచీలోనే కూర్చునేది. ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి మోకరించినప్పుడు కూడా ముసుగు ఎంత ముందుకి లాక్కునేదంటే, పాత్ర అందించడానికి అయ్యగారు వంగి పెదవులు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చేది.

అందుకని ఇప్పుడే ఆ ట్యూబు తిప్పి చూడు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఏది ఉన్నా అది స్టెరాయిడే. దాంతోపాటు హైడ్రోక్వినోన్ కూడా ఉంటే రంగు కోసం కలిపిన మందు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం చెప్పింది, అయినా దొరుకుతూనే ఉన్నాయి. ఏ పేరూ లేని డబ్బా అయితే ఇంకా భయం, వాటిల్లో కొన్నింట్లో పాదరసం కలుపుతారు, మూత్రపిండాలు పాడవుతాయి. భయపడి నీ అంతట నువ్వే ఒక్కసారిగా మానేయకు, ఆ మంట అప్పుడే మొదలవుతుంది. రేపే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లి ట్యూబు చూపించు, ఎలా తగ్గించాలో ఆయన చెబుతాడు. బ్యూటీ పార్లరు పిల్ల మాట వినకు. మీ అమ్మ మాట కూడా వినకు, ఈ ఒక్క విషయంలో.

తిట్టాననుకోకు తల్లీ. ఈ పిచ్చి నీ ఒక్కదానిదా? మన పెళ్లిళ్లలో బైబిల్లోని సామెతలు 31 చదవంది పని జరగదు. "అందము మోసకరము, సౌందర్యము వ్యర్థము" అనగానే ముందు వరుసలో తలలూపే పెద్దమనుషులే, ఇంటికెళ్లి సంబంధం కబురు రాగానే "పిల్ల రంగేమిటి?" అని అడుగుతారు. నన్నడిగితే ఆ వచనం అబ్బాయి అమ్మానాన్నలని నిలబెట్టి చదవాలి. పెళ్లికూతురికి చదవాల్సింది పరమగీతంలో ఉంది: "నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను." ఎండలో ద్రాక్షతోటలు కాసి వచ్చిన రంగని కూడా ఆ పిల్లే చెబుతుంది. దీనిమీద పెళ్లి ప్రసంగం ఇంతవరకూ నేను వినలేదు. మీ అయ్యగారిని అడిగి చూడు, ఏమంటారో.

అలాగని అలంకారం పాపమని నేననను. బైబిల్లో పేతురు రాసిన పత్రిక చూపించి జడలో పూలు తీయించేవాళ్లున్నారు. మీ అమ్మమ్మ మాత్రం ప్రతి ఆదివారం కనకాంబరాలు పెట్టుకునే గుడికి వెళ్లేది. సొలొమోను వైభవం కంటే అడవి పువ్వే మిన్న అన్న ప్రభువుకి పూలంటే కోపం ఎందుకుంటుంది? నువ్వు జడనిండా మల్లెలు పెట్టుకో, జనవరిలో దొరికితే.

పెళ్లయ్యాక ఎలా ఉండాలో చెప్పమని ఆ మధ్య అడిగావు. నాకు తెలిసింది తక్కువే. నా నైటు డ్యూటీల రోజుల్లో మీ పెదనాన్న తాలూకా ఆఫీసు నుంచి వచ్చి, నా తెల్ల చీరకి గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీ పెట్టె ముందేసుకుని కూర్చునేవారు. నిప్పురవ్వ పడకుండా పెట్టెని ముందు పక్కకి జరిపి ఊదేవారు. అంచు దగ్గర మడత విడిపోతే మళ్లీ నీళ్లు చిలకరించి మొదటికొచ్చేవారు. పక్కింటివాళ్లు నవ్వితే "రేపు మీకు సూది గుచ్చేది ఈ చీరే" అనేవారు. ఆయన అందగాడని ఎవరూ అనలేదు. గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు డ్యూటీకి వెళ్లబుద్ధయ్యేది కాదు.

దెబ్బలాడుకోలేదా అంటే బాగానే ఆడుకున్నాం. సూర్యుడు అస్తమించేలోపు కోపం పోవాలని పౌలు రాశాడు గానీ, మీ పెదనాన్న ఇంటికి వచ్చేసరికే సూర్యుడు అస్తమించేవాడు, నేను బయల్దేరేదాన్ని. అందుకని మా తగువులు పొద్దున్నే కాఫీ దగ్గర తీరేవి. మీ ఇద్దరి షిఫ్టులు చూసుకుని మీ వేళేదో మీరే పెట్టుకోండి. కుటుంబ ప్రార్థన కూడా అంతే, ఐదు నిమిషాలైనా చాలు, ఫోన్లు పక్క గదిలో పడేసి.

మేము వారం ముందే వస్తాం. పెదనాన్న పెళ్లి కానుకగా ఇస్త్రీ పెట్టె కొన్నారు, కరెంటుదే. అబ్బాయి చేతికే ఇస్తారట.

నీ పెద్దమ్మ