స్పెల్లింగ్ బట్టీ పట్టకండి, ఆ పదానికి చుట్టాలెవరో చూడండి

"ఇంగ్లీష్ బాగానే అర్థమవుతుంది. మెయిల్ రాస్తే మాత్రం స్పెల్లింగులు తప్పుతున్నాయి, ఒక పదానికి బదులు ఇంకోటి పడుతోంది. బట్టీ పట్టడం ఒక్కటే దారా?" అని అడిగారు. కాదండీ. పదకొండేళ్లు డీటీపీ సెంటర్‌లో రోజూ నలుగురి రాతలూ టైప్ చేసిన అనుభవంతో చెబుతున్నాను.

చేరిన కొత్తలో ఒక పుస్తకాల షాపుకు యాభై బిల్ బుక్కులు కంపోజ్ చేశాను. అచ్చయి వెళ్లిన సాయంత్రమే షాపాయన ఒక బుక్కు పట్టుకొచ్చి, షాపు పేరు కింద వేలు పెట్టి, "ఇక్కడ ఎ ఉండాలా, ఇ ఉండాలా అమ్మా? మా అబ్బాయి తప్పంటున్నాడు" అని నెమ్మదిగా అడిగారు. 'స్టేషనరీ' చివర 'ఇ-ఆర్-వై' ఉండాల్సిన చోట నేను 'ఎ-ఆర్-వై' కొట్టాను. అలా రాస్తే కాగితాలు, పెన్నులు కాదు, 'కదలకుండా ఉన్నది' అని అర్థం. రెండూ ఉన్న పదాలే కాబట్టి కంప్యూటర్ ఎర్రగీత పెట్టలేదు. యాభై బుక్కులూ మళ్లీ వేసిచ్చాం. ఆయన ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా బాధేసింది.

ఆ రాత్రి డిక్షనరీ తీస్తే రెండూ ఒకే ఇంటి పదాలని తెలిసింది. మధ్యయుగాల యూరప్‌లో ఊరూరా తిరిగి అమ్మేవాళ్లే ఎక్కువ. యూనివర్సిటీల దగ్గర ఒకేచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాణ్ని లాటిన్‌లో స్టేషనారియస్ అన్నారు, కదలకుండా ఉంటాడని. ఇంగ్లీషులో అతనే స్టేషనర్. బేకర్ నుంచి బేకరీ, గ్రోసర్ నుంచి గ్రోసరీ వచ్చినట్టే స్టేషనర్ నుంచి స్టేషనరీ. మూడింటి చివరా 'ఇ-ఆర్-వై'యే. ఆ తర్వాత ఆ పదం నేనెప్పుడూ తప్పు రాయలేదు.

అప్పటినుంచి ఏ పదం ఇబ్బంది పెట్టినా దాని చుట్టాన్ని వెతుకుతాను. అప్పు అనే అర్థంలో వాడే 'డెట్'లో వినపడని 'బి' ఎందుకు? పాస్‌బుక్కులో 'డెబిట్' చూడండి, అక్కడ 'బి' గట్టిగానే పలుకుతుంది. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు 'డెట్'కు 'బి' లేదు. లాటిన్ మూలం 'డెబిటమ్' కదా అని తర్వాత పండితులు చేర్చారు, పలకడం మాత్రం పాతదే మిగిలింది. 'రిసీట్'లో 'పి' కావాలంటే 'రిసెప్షన్' గుర్తు తెచ్చుకోండి. 'గ్రామర్' చివర ఎ-నా ఇ-నా అని టెన్షన్ పడితే 'గ్రమాటికల్' అనుకోండి, 'మా' అనే చోట 'ఎ' ఉంది. అన్నిచోట్లా ఈ చుట్టరికం పనిచేయదు. 'ప్రొనౌన్స్'లో 'ఎన్' తర్వాత వచ్చే 'ఓ', 'ప్రొనన్సియేషన్'లో ఆ చోట ఉండదు. అలాంటివి విడిగా రాసి పెట్టుకోవాల్సిందే.

ఒక్కోసారి మన నోరే సాయం చేస్తుంది. 'సెపరేట్' అంటాం గానీ 'సెపెరేట్' అనం కదా, ఆ 'ప'లో 'ఎ' వేస్తే చాలు.

ఒక్కోసారి అదే నోరు మోసం చేస్తుంది. తెలుగులో 'జడ్' శబ్దానికి విడిగా అక్షరం లేదు, దాన్ని 'జ' అనేస్తాం. ఇంగ్లీషువాళ్లు 'ఎస్' పలికే చోట కూడా ఒక్కోసారి మన నోట ఆ 'జ'యే వస్తుంది. టైలర్‌తో "నడుం దగ్గర లూజుగా ఉంది" అంటాం. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'లూస్' అని పలుకుతారు, రెండు 'ఓ'లు రాస్తారు. 'లూజ్' అని వాళ్లు పలికేది పోగొట్టుకోవడానికి, దానికి ఒకటే 'ఓ'. ఒక 'ఓ' పోయింది కాబట్టి పోగొట్టుకోవడం అని నేను గుర్తుపెట్టుకున్నాను. 'ప్రైస్' అంటే ధర, 'ప్రైజ్' అంటే బహుమతి. మనలో కొందరి నోట రెండూ ప్రైజే, అందుకే రెజ్యూమేల్లో "ఫస్ట్ ధర వచ్చింది" అని అర్థం వచ్చేలా రాసుకొచ్చిన పిల్లలు ఎంతమందో! సలహా అనే 'అడ్వైస్'కి 'సి', సలహా ఇవ్వడం అనే 'అడ్వైజ్'కి 'ఎస్' అన్న తేడా కూడా ఈ శబ్దం వల్లే మనకు పట్టుబడదు.

నేను కీబోర్డు పక్కన చిన్న నోటుబుక్కు పెట్టుకునేదాన్ని. నేను తప్పిన పదాలే అందులో రాసేదాన్ని, పక్కన దాని చుట్టం. మీరూ మీ పాత మెయిళ్లు ఓ ఇరవై తెరవండి. ఎర్రగీత పడినవాటిని వదిలేసి, పడకుండా తప్పించుకున్న పదాల కోసం చూడండి. దొరికినవి ఇక్కడ రాస్తే, వాటి చుట్టాలను వెతకడానికి నేనూ కూర్చుంటాను.