నీకు బాగా నచ్చిన ఇన్నింగ్స్ ఏదని అడుగు

చిరంజీవి వంశీకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగళూరులో ఉద్యోగం కుదుటపడిందని, ఆదివారాలు ఆఫీసు వాళ్లంతా ఎవరో ఒకరి ఇంట్లో చేరి మ్యాచ్ చూస్తున్నారని, నువ్వు మాత్రం ఒక మూల నోరు మెదపకుండా కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వాళ్లలో బెంగాలీలు, తమిళులు, మరాఠీలు ఉన్నారట. అందరికీ క్రికెట్ అంటే ప్రాణమే, కానీ వాళ్లతో మాట ఎలా కలపాలో తెలియడం లేదన్నావట. రేడియో కామెంటరీ రోజుల నుంచి ఈ ఆటను ప్రేమిస్తున్నదాన్ని. నా ఆప్తుల్లో చాలామంది ఈ ఆట వల్లే దగ్గరయ్యారు. అందుకే ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఉత్తరం రాస్తున్నాను.

అందరిలోకి గొప్ప బ్యాటర్ ఎవరన్న ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టకు. సచినా, కోహ్లీయా అంటూ గది రెండుగా చీలిపోతుంది, ఫోన్లు తీసి సగటులు చదవడం మొదలవుతుంది. ఆట ముగిసి ఇంటికి వెళ్లేటప్పటికి నీకు ఆ ఇద్దరి గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. పక్కన కూర్చున్న మనిషి గురించి అంతకన్నా తెలియదు. దానికి బదులు "నీకు బాగా నచ్చిన ఇన్నింగ్స్ ఏది?" అని అడుగు. గొప్పదని అంటే నిరూపించాలి. నచ్చిందని అంటే చాలు, ఎవరూ కాదనలేరు. మొహమాటపడేవాళ్లు కూడా దానికి జవాబు చెబుతారు.

జవాబు వచ్చాక అక్కడితో ఆగిపోకు. ఆ రోజు ఎక్కడున్నారు, ఎవరితో కలిసి చూశారు అని అడుగు. మనిషి బయటికి వచ్చేది అక్కడే. మీ బెంగాలీ మిత్రుణ్ణి కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ గురించి అడిగి చూడు. 2001 మార్చిలో ఆస్ట్రేలియా వరసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చి, మనల్ని 171కే ఆలౌట్ చేసి ఫాలోఆన్ ఆడించింది, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దింపింది. అప్పుడు మన హైదరాబాద్ లక్ష్మణ్‌ను మూడో స్థానంలో పంపారు. అతను 281, ద్రావిడ్ 180. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు. చివరికి 171 పరుగుల తేడాతో మనమే గెలిచాం. ఆ ఇన్నింగ్స్ మనకెంత సొంతమో, ఆ మైదానం ఉన్న ఊరివాళ్లకూ అంతే సొంతం. ఆ ఐదు రోజులూ వాళ్ల ఇంట్లో ఎలా గడిచాయో అతన్ని అడుగు. అప్పటికి చిన్నపిల్లాడై ఉంటే వాళ్ల నాన్న చెప్పిన కథైనా ఉంటుంది. లక్ష్మణ్ మణికట్టు తిప్పి ఆడే షాట్ల మీద మీరిద్దరూ ఒక సాయంత్రమంతా మాట్లాడుకోవచ్చు.

ఎదుటివాళ్ల జవాబు విన్నాక నీది చెప్పడం నీ బాధ్యత. అడుగుతూ పోయి, తన సంగతి ఏమీ చెప్పని మనిషి దగ్గర ఎవరూ మనసు విప్పరు. అందరూ మెచ్చుకునేదే చెప్పాలని కూడా అనుకోకు. నీకు నిజంగా ఇష్టమైనది హనుమ విహారి సిడ్నీ ఇన్నింగ్స్ అని నాకు తెలుసు. 2021 జనవరి, తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 నాటౌట్. అవతల నడుం నొప్పితో అశ్విన్. ఇద్దరూ కలిసి టెస్టును డ్రాగా కాపాడారు. ఇరవై మూడు పరుగులు ఒకరికి ఇష్టమైన ఇన్నింగ్స్ ఎలా అవుతాయని వాళ్లు ఆశ్చర్యపోతారు. అప్పుడు చెప్పు, అతను పుట్టింది మన కాకినాడలోనేనని, చీకటితో లేచి మీ నాన్న పక్కన కూర్చుని చూశావని, ఒక్కో బంతికీ మీ నాన్న కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారని. అశ్విన్ పేరు వినగానే మీ చెన్నై స్నేహితుడు ఊరుకుంటాడా? మిగతా కథ అతనే అందుకుంటాడు.

చిన్న చిన్న ఇష్టాలను అడగడం నాకు మరీ ఇష్టం. సెంచరీలు అందరికీ గుర్తుంటాయి. ఎవరూ పట్టించుకోని ఏ క్షణం మీకు ఇష్టమని అడుగు. నాదైతే 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మన బౌలర్ సిరాజ్ బ్యాటు పట్టి ఆడిన మూడు బంతులు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద అవతలి ఎండ్‌లో నిలబడ్డాడు, బుమ్రా అవుటయ్యాడు, మిగిలింది ఆఖరి వికెట్టు, అదీ పడితే నితీశ్‌కు వంద అందదు, బంతి ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ చేతిలో ఉంది. సిరాజ్ ఆ మూడింటినీ కాచుకున్నాడు, జనం వికెట్టు పడనందుకు కేకలు వేశారు. తర్వాతి ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టి వంద పూర్తిచేశాడు. స్కోరుకార్డులో ఆ మూడు బంతులకు విలువ సున్నా. ఇలాంటివి అడిగితే ఆటను ఎవరెంత ప్రేమగా చూస్తారో తెలుస్తుంది.

ఓటముల గురించి మొదటి ఆదివారమే అడగకు. కొంచెం చనువు ఏర్పడ్డాక, ఏ ఓటమి ఇంకా బాధపెడుతోందో అడుగు. 2009 నవంబరులో ఉప్పల్‌లో ఆస్ట్రేలియా మీద సచిన్ 175 కొట్టాడు, మనం మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. దాని గురించి మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. చెన్నైవాళ్లు 1999 టెస్టు చెబుతారు. పాకిస్తాన్ మీద సచిన్ 136 చేసి అవుటయ్యాక పన్నెండు పరుగుల దూరంలో ఓడిన మ్యాచ్ అది. ఆ ఓటమి తర్వాత చెపాక్ ప్రేక్షకులు లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకు చప్పట్లు కొట్టారు. ప్రత్యర్థికి మీరెప్పుడైనా మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారా అని అడిగి చూడు. అంత మంచి ప్రశ్న నాకు ఇంకొకటి తెలియదు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన మాట. మీ గుంపులో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారని విన్నాను. వాళ్లను ప్రశ్నలు అడిగేటప్పుడు పరీక్ష పెట్టకు, ఇంకెవరినీ పెట్టనివ్వకు. నా వయసులో ఉన్న ఆడవాళ్లందరికీ ఇది అనుభవమే. క్రికెట్ ఇష్టమని అనగానే, "అయితే సిల్లీ పాయింట్ ఎక్కడుంటుందో చెప్పండి" అని మొదలుపెడతారు. పక్కనున్న మగవాణ్ణి ఆ మాట ఎవరూ అడగరు. అది ఇష్టాన్ని పంచుకోవడం కాదు, గుమ్మం దగ్గర నిలబెట్టి టికెట్టు చూపించమనడం. వాళ్లనూ అందరిలాగే ఇష్టమైనదేదో అడుగు, చెప్పింది శ్రద్ధగా విను. మిథాలీ రాజ్ పందొమ్మిదేళ్ల వయసులో 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద చేసిన 214 గురించి చెబుతారేమో. కడప జిల్లా అమ్మాయి శ్రీ చరణి ఆడిన జట్టు 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి గురించైనా చెప్పవచ్చు. కాదు, ధోనీ అన్నా సరే. అది వాళ్ల ఇష్టం.

ఎవరైనా సంవత్సరమో స్కోరో తప్పు చెబితే మధ్యలో ఆపి దిద్దకు. అడిగింది జ్ఞాపకం. అది అయిపోయాక కావాలంటే ఇద్దరూ కలిసి వెతుక్కోవచ్చు. ఒకే రోజు నాలుగైదు ప్రశ్నలు గుప్పించకు. ఓవర్ల మధ్య విరామంలో ఒకటి చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది చేయనిది ఒకటుంది. ఎవరైనా తమకు నచ్చిన ఇన్నింగ్స్ పేరు చెబితే, ఆ వారం అది వెతికి చూడు. పూర్తిగా చూడలేకపోతే ఒక గంటైనా చూడు. వచ్చే ఆదివారం వెళ్లి, "నువ్వు చెప్పింది చూశాను, ఆ రెండో కవర్ డ్రైవ్ దగ్గర ఆగిపోయాను" అను. వాళ్ల ముఖం ఎలా వెలిగిపోతుందో చూస్తావు. అడిగి మరిచిపోయేవాళ్లు ఊరంతా ఉంటారు. అడిగి, వెళ్లి చూసి వచ్చిన మనిషిని వదులుకోరు.

నాకూ నువ్వొక జవాబు బాకీ ఉన్నావు. ఏదైనా ఒక్క రోజు, ఒక్క మైదానంలో వెళ్లి కూర్చోగలిగితే ఎక్కడికి వెళతావు? నేనైతే 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌కు వెళతాను. జింబాబ్వే మీద 17 పరుగులకు ఐదు వికెట్లు పడ్డాక కపిల్ దేవ్ 175 నాటౌట్ ఆడిన రోజు. ఆ మ్యాచ్‌ను టీవీ వాళ్లు చిత్రీకరించలేదు కనుక చూడాలన్నా దారి లేదు. నీది ఆలోచించి రాయి. ఫోనులో చెప్పకు, కారణంతో సహా కాగితం మీద రాసి పంపు. మీ నాన్నను కూడా అదే అడిగి ఆయన జవాబు అందులో చేర్చు.

ఇట్లు,
పెద్దమ్మ